అంచు లేని మొక్కలు

పైడిరాజు అలిసిపోయాడు. పొద్దున లేచేసరికే అలిసిపోయి ఉంటున్నాడు. గురుపౌర్ణమి పనుల వల్లేమో అనుకున్నారు ఆశ్రమంలో అందరూ. వంటశాలకు సున్నం, గడపలకు పసుపు పెయింటు, వచ్చేవాళ్ళకు పందిరి, అన్నీ ఒక్కడే నెత్తిన వేసుకున్నాడు కదా, పాపం, అన్నారు. నిజానికి ఆ పనులు చేస్తున్నంతసేపే అతనికి కాస్త బాగుండేది. సాయంత్రం అరుగు మీద కూర్చోవాల్సిన వేళ దగ్గర పడేకొద్దీ కాళ్ళు బరువెక్కేవి.

ఆ అరుగు అయ్యవారిది. మదనపల్లె దాటాక, ఒక గుట్టను ఆనుకుని ఉన్న చిన్న ఆశ్రమం. అయ్యవారి పేరు ఓబులయ్య. ఒకప్పుడు బడిపంతులు కావడంతో, సామి అని, గురువు అని ఎవరెంత పిలవబోయినా చివరికి ఆ పాత పేరే నిలిచింది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళు అడిగినదానికి తనకు తోచింది చెప్పేవారు. పాలివ్వని ఆవు గురించి అడిగినా, పలకరించని కొడుకు గురించి అడిగినా ఒకే శ్రద్ధతో వినేవారు. ఆ మధ్య పెద్ద జ్వరం వచ్చి ఆయన గొంతు పోయింది. ఇప్పుడు గుసగుస తప్ప రాదు, అదీ పక్కన కూర్చున్నవాళ్ళకే వినపడుతుంది. "నువ్వు కూచో నాయనా" అని శిష్యుణ్ణి అరుగెక్కించారు.

పైడిరాజు కూర్చున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఎలా కూర్చోవాలా అని ఆలోచించడంతో మొదలైంది చిక్కు.

అయ్యవారు ఎడమ మోకాలు పైకి పెట్టి కూర్చునేవారు. ఇతనూ మోకాలు లేపాడు. జవాబు చెప్పేముందు అయ్యవారు కాసేపు గుట్టవైపు చూసేవారు. అక్కడ ఏం కనపడుతుందో తెలియకపోయినా ఇతనూ చూశాడు. అయ్యవారిది రాయలసీమ మాట. పైడిరాజుది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డు. వలలూ పడవలూ తప్ప ఎద్దు మొహం ఎరగని ఇంట్లో పుట్టినవాడు. అలాంటివాడు "మాకొక ఎద్దు ఉండేది, దుక్కి నడమన పండుకుంటే లేచేది కాదు" అంటూ అయ్యవారి కథను తన కథలా, అయ్యవారి యాసలోనే చెప్పసాగాడు. జనం తలలూపారు. అచ్చం అయ్యవారే, అన్నారు. మొదట్లో ఆ మాట వింటే అతనికి కడుపు నిండిపోయేది.

ఆదెమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. అయ్యవారి జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ వస్తోందట. కళ్ళు మూసుకుని వినడం ఆవిడ అలవాటు. ఒక సాయంత్రం అందరూ లేచాక అరుగు దగ్గరికొచ్చి, మనసులో ఏమీ పెట్టుకోకుండా, సంబరంగా అంది.

"కండ్లు మూసుకుంటే అయ్యవారే సామీ. గొంతు గూడా అదే. కండ్లు తెరిస్తే యెవురూ ఉండరు."

మెచ్చుకుంటున్నాననే అనుకుంది పాపం. చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది. పైడిరాజు మాత్రం కదల్లేకపోయాడు. అన్నం తింటుంటే ఆ మాటే, పళ్ళెం కడుగుతుంటే ఆ మాటే. ఎవరూ ఉండరు. నిజమే కదా అనిపించింది, అలా అనిపించినందుకు భయం వేసింది.

గురుపౌర్ణమి నాడు అయ్యవారు తన భుజం మీది కండువా తీసి, అందరి ముందూ పైడిరాజు భుజాన వేస్తారు. ఇది ఊళ్ళన్నిటికీ తెలిసిన సంగతే. ఇక అరుగు అతనిది. ఆ కండువా ఒకసారి పడ్డాక దిగడమంటూ ఉండదు. బతికినంతకాలం గుట్టవైపు చూస్తూ, ఎప్పుడూ దున్నని పొలంలో పడుకున్న ఎద్దు కథ చెప్పుకుంటూ ఉండాల్సిందే. తలుచుకుంటేనే ఒళ్ళంతా నీరసం కమ్మేది. ఈలోపే వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాడు. సంచి సర్దాడు. అయ్యవారితో ఒక్క మాట చెప్పడమే మిగిలింది. దానికే ధైర్యం చాలడం లేదు.

దానికి తోడు మొక్కల గొడవ ఒకటి.

ఆ ఆశ్రమంలో విభూతి ఇవ్వరు, తాయెత్తులు కట్టరు. గురుపౌర్ణమికి వచ్చినవాళ్ళకు వెళ్ళేటప్పుడు తలా ఒక చాగ మొక్క ఇస్తారు. నిటారుగా లేచే దళసరి ఆకులు, ఆకు అంచు పొడుగునా పసుపు పట్టీ. పట్నంవాళ్ళు స్నేక్ ప్లాంట్ అని కుండీల్లో పెట్టుకునే రకం. "విభూతి ఇస్తే రాలిపోతాది. మొక్కనిస్తే నీళ్ళన్నా పోస్తారు" అనేవారు అయ్యవారు, గొంతున్న రోజుల్లో. ఆ పని ఆయనే చూసుకునేవారు. తల్లి దుబ్బును తవ్వి, పిలకలను వేళ్ళతో సహా విడదీసి, ఒక్కొక్కటీ కొబ్బరి చిప్పలో నాటేవారు. ఎన్ని పిలకలు వస్తే అన్నే. అందనివాళ్ళను మళ్ళీ ఏడాది రమ్మనేవారు.

పోయిన దీపావళి తర్వాత ఆ పనీ పైడిరాజు చేతికొచ్చింది. ఇందులో మాత్రం ఇంకొకరిని చూసి నేర్చుకోవాల్సిన అవసరం అతనికి లేదు. ఆశ్రమానికి రాకముందు హోసూరు దగ్గర ఒక టిష్యూకల్చర్ ల్యాబులో పనిచేశాడు. తెల్లకోటు, మూతికి గుడ్డ, చుట్టూ సీసాల్లో అరటి మొక్కలు. ఒక్క తల్లి చిగురును కోసి, ఆ కోసినదాన్ని మళ్ళీ కోసి, వేల పిల్లలు తీసేవాడు, ఒకదానికీ ఇంకోదానికీ ఈనెంత తేడా లేకుండా. ఒకసారి లారీలో అరటి మొక్కలతో ఈ పక్క తోటకొచ్చి, సాయంత్రం పొద్దుపోక అరుగు ముందు కూర్చున్నాడు. మళ్ళీ లారీ ఎక్కలేదు.

"పిలకల కోసం ఎన్నాళ్ళని కాచుకోని కూచుంటాం అయ్యవారూ? ఆకును ముక్కలుగా కోసి నాటితే ముక్కకో మొక్క లేస్తాది" అన్నాడు, పాత పనితనం గుర్తొచ్చి కాస్త హుషారుగా.

"అట్లనా" అన్నారు అయ్యవారు.

ముక్కలు వేళ్ళు పట్టాయి. చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి ఒక్కో ముక్క అడుగునుంచీ చిన్న చిన్న మొలకలు మట్టిని చీల్చుకుని లేచాయి. పైడిరాజు రోజూ వంగి చూశాడు. ఆకులు విచ్చుకున్నాయి, పొడుగయ్యాయి, దళసరి కట్టాయి. అంచు మాత్రం రాలేదు. వరసలు వరసలుగా అన్నీ వట్టి ఆకుపచ్చ. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఈ రకానికి ఆకు కోత పనికిరాదని. ల్యాబులో చేరిన కొత్తవాళ్ళకు తనే చెప్పేవాడు ఆ మాట. తలకాయ ఎక్కడ పెట్టుకుని కోశానా అని తనను తానే తిట్టుకున్నాడు. చిప్పలన్నీ మోసుకెళ్ళి కొట్టం వెనక, పాత గోనెపట్టాల చాటున దాచేశాడు.

మర్నాడు పొద్దున, వెళ్ళిపోతున్న సంగతి చెప్పేద్దామని లేచి వెళితే అయ్యవారు గదిలో లేరు. వంటశాల దగ్గరా లేరు. కొట్టం వెనక రాతి మీద కూర్చుని ఉన్నారు. గోనెపట్టాలు తీసి ఒక పక్కగా మడత పెట్టి ఉన్నాయి. ఒక చిప్ప ఒళ్ళో పెట్టుకుని, ఆకును వేలితో నిమురుతున్నారు.

 పైడిరాజు దగ్గరికెళ్ళి నేల మీద కూలబడ్డాడు. దూరంగా ఉంటే ఆయన మాట వినపడదు.

"ఎవురి బిడ్డలివి?" అన్నారు అయ్యవారు.

"మన దుబ్బువేనండి."

"అమ్మ పోలిక లేదే."

అతనికి అయ్యవారి యాస వెతుక్కునే ఓపిక లేదు. ఏళ్ళ తరబడి మడిచి పెట్టిన సొంత మాట దానంతటదే నోట్లోకొచ్చేసింది.

"తప్పు నాదేనండి. తెల్దేటి నాకు? తెల్సు. తెల్సీ కోసేసేను."

"అంచు యాడికి పాయ?"

"ఎక్కడికీ పోలేదండి. ఈ ముక్కల్లోంచి రావడానికి దానికి దారి లేదు." అలసటగా మొహం రుద్దుకుని, మట్టిలో వేలితో గీశాడు. "ఇదిగో, తల్లి మొక్క చిగురు ఇలాగుంటాది. కణాలు పొరలు పొరలు. ఎప్పుడో ఏదో ఒక కణంలో జన్యువు మారిపోయింది. పచ్చదనం తయారుచేసే పని దానికి రాకుండా పోయింది. దాని పిల్లలన్నీ పసుపే. అవి ఒక పొరలో ఉండిపోయేయి, మిగతా పొరలు పచ్చ. చిగురు ఆకు వేసినప్పుడల్లా ఆ పసుపు పొర అంచులోకి వస్తాది. మీరు పిలక తీస్తే పొరలన్నీ కలిసే వస్తాయండి, అంచు ఉంటాది. నాను ఆకు ముక్క నాటేను. ముక్కకి చిగురు లేదు. కొత్తది పుట్టించుకోవాలి. అది లోపలి కణాల్లోంచి పుడతాది. లోపలంతా పచ్చే."

అయ్యవారు ఆ గీతల్ని చాలాసేపు చూశారు.

"ఆకులో ఉండే కణం. అది మొక్క ఎట్ల అయితాది?"

"ఏ కణంలో సూసినా మొత్తం మొక్కకి కావాల్సిన జన్యువులు ఉంటాయండి. వేరుకి కావాల్సినవీ, పువ్వుకి కావాల్సినవీ. ఆకులో ఉన్నన్నాళ్ళూ ఆకు పనే చేస్తాది. కోసి మట్టిలో పెడితే ఆ పని మానేసి మొదట్నించీ మొదలెడతాది."

"మళ్ళా మొదట్నించీనా?"

"అవునండి."

"అట్ల చెయ్యమని దానికి ఎవురు చెప్తారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదండి."

అయ్యవారు తల ఊపారు.  కొట్టంలో ఆవు తోకతో ఈగల్ని తోలుకుంటోంది. తర్వాత ఆయన వంటశాల వైపు చెయ్యి చూపించారు.

"గడపలకేసిన పెయింటు మిగిలిందా?"

"మిగిలిందండి."

"తీసుకురా. సన్న బ్రష్షు గూడా."

పైడిరాజు వెళ్ళి తెచ్చాడు. అయ్యవారు ఒళ్ళో ఉన్న చిప్పను అతని ముందు పెట్టారు.

"అంచు వెయ్యి."

పైడిరాజుకు అర్థం కాలేదు. నవ్వులాటేమోనని మొహం చూశాడు. మొహంలో నవ్వు లేదు. వచ్చినవాళ్ళకు ఇవ్వాలి కదా, అన్నట్టు చిప్పల వరసను చూపించారు ఆయన. గురువు మాట, కాదనడానికి నోరు రాలేదు. డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, ఆకు మొదట్లోంచి చివరిదాకా అంచు వెంట పసుపు గీత లాగాడు. గీత వంకర పోయింది. బాగు చెయ్యబోతే ఇంకా లావైంది. రెండో వైపు వేశాడు. తర్వాత ఇంకో ఆకు, ఆపైన ఇంకో చిప్ప. అయ్యవారు రాతి మీద కూర్చుని, ఒకప్పుడు బడిలో పలకల మీద పిల్లల రాత చూసినట్టు చూస్తున్నారు.

ఎండ ఎక్కుతోంది. పైడిరాజుకు నడుము పట్టేసింది. మొదట ఇది తనకు శిక్ష అనుకున్నాడు. తర్వాత అయ్యవారికి వయసు మీద పడి మతి తప్పుతోందేమో అనుకున్నాడు, ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. కాసేపటికి ఏ ఆలోచనా లేకుండా పోయింది, బ్రష్షు ముంచడం, గీత లాగడం. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే పెయింటు వేసిన మొక్కలు నిజంగా తల్లి మొక్కల్లాగే ఉన్నాయి. ఎవరూ తేడా పట్టలేరు. అది చూశాక అతనికి పట్టరాని విసుగొచ్చింది. డబ్బాను పక్కకు నెట్టేశాడు.

"ఇవి బతకవండి అయ్యవారూ!"

"ఏమి?"

"ఆకు మీద కంటికి కనపడని కన్నాలుంటాయి. వాటితోనే గాలి పీల్చుకుంటాది. ఇలాగ పెయింటు పూసేస్తే అవి మూసుకుపోతాయి. పైగా అది పెరిగే ఆకు, రేపటికి పొడుగవుతాది. గీత దాంతో పాటు పెరగదు, పగిలిపోతాది. మళ్ళీ పుయ్యాలి, మళ్ళీ పుయ్యాలి. ఎన్నాళ్ళు పూస్తామండి? దీనికి ఊపిరాడదు."

అయ్యవారు ముందుకు వంగారు. గుసగుసగానే అడిగారు, ఒంట్లో బాగాలేని పిల్లవాణ్ణి అడిగినట్టు.

"మరి నీకు ఆడతా ఉండాదా నాయనా?"

పైడిరాజు చేతిలో బ్రష్షు చేతిలోనే ఉండిపోయింది. పసుపు చుక్కలు మట్టిలో పడ్డాయి.  ఏడుపొచ్చింది. మొహం తిప్పుకునే శక్తి కూడా లేక, అలాగే ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. అయ్యవారు ఊరుకోమనలేదు.

చాలాసేపటికి అన్నాడు.

"నాను వెళ్ళిపోదామనుకుంటున్నానండి."

"యాడికి?"

"తెల్దండి. సంచి సర్దేసుకున్నాను. ఆ కండువా నాకొద్దు. మీలాగ చెప్పడం ఇంక నా వల్ల కాదు."

అయ్యవారు అతన్ని ఇంకా దగ్గరికి రమ్మని సైగ చేశారు. పైడిరాజు మోకాళ్ళ మీద జరిగి వెళ్ళాడు. ఆయన అతని తల మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టారు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పారు.

"గొంతు పోయిన పొద్దు సంతోషపడితిని నాయనా. ఇంక దిగొచ్చులే అనుకుంటి. దిగనిస్తివా నువ్వు? రోజూ పొద్దుగూకేసరికి నన్ను లేపి ఆ అరుగెక్కిస్తా ఉండావు. నువ్వు మాట్లాడతా ఉంటే లోపల పండుకోని వింటాను. అన్నీ నేను చెప్పినవే. నిద్ర యాడ పడతాది?"

మళ్ళీ ఊపిరి తీసుకున్నారు.

"పోవాల్సింది నువ్వు కాదు. నేను. నేనూ అలిసిపోయినాను. నన్ను దిగనీ."

పైడిరాజు తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ మొహం ఎంత వడలిపోయిందో అతను చూడనేలేదు. కళ్ళ కింద వాపు, లోపలికి పోయిన బుగ్గలు, గడ్డం కింద వేలాడుతున్న చర్మం. కూర్చునే తీరు చూశాడు, చూపు చూశాడు, మాట పట్టుకున్నాడు. మనిషిని చూడలేదు.

అయ్యవారు భుజం మీది కండువా తీసి అతని చేతిలో పెట్టారు.

"తుడువు. ఇంకా ఆరలేదు."

పైడిరాజు కండువా వైపు చూశాడు. గురుపౌర్ణమికని ఎవరో భక్తులు తెచ్చిన తెల్లటి నూలు కండువా అది, ఆ రోజు తన భుజాన పడాల్సింది, ఇంకా గంజి వాసన పోలేదు. దాన్ని చేత్తో పట్టుకోవడానికే అతనికి జంకుగా ఉంది.

"దీంతోనా అండి?"

"ఇంకేమన్నా ఉండాదా ఈడ?"

ఏమీ లేదు. పైడిరాజు కండువా కొస వేలికి చుట్టుకుని, మొదటి మొక్క ఆకును ఎడమ చేత్తో పట్టుకుని, కింది నుంచి పైదాకా తుడిచాడు. పసుపంతా బట్టకంటుకుంది. ఇంకో కొస అయ్యవారు పట్టుకుని ఇంకో చిప్ప ముందుకు లాక్కున్నారు. ఇద్దరూ మాట్లాడకుండా తుడుస్తూ కూర్చున్నారు. ముడతల్లో ఇరుక్కున్న పెయింటు పోకపోతే పైడిరాజు గోటితో గీకాడు. అయిపోయేసరికి కండువాలో తెల్లటి చోటంటూ మిగల్లేదు. అయ్యవారు దాన్ని దులిపి, కొట్టం గుంజకు ఆరేశారు.

ఆ సాయంత్రం జనం ఎప్పటిలాగే వచ్చారు. పైడిరాజు అరుగు మీద కూర్చున్నాడు. మోకాలు లేపలేదు. తిమ్మారెడ్డి అని ఒక రైతు, బోరు ఎండిపోయిందనీ, అన్నదమ్ములు మాట్లాడటం మానేశారనీ, రాత్రుళ్ళు పొలంలోనే తిరుగుతున్నాననీ చెప్పుకున్నాడు. చెప్పడం అయిపోయాక అందరూ అరుగు వైపు చూశారు.

పైడిరాజు తిమ్మారెడ్డి మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏటి సెప్పాలో నాకు తెల్దండి" అన్నాడు చివరికి. "మా నాన్న కూడా చేపల వేట పడనప్పుడు ఇలాగే ఒడ్డంట తిరిగేవాడు. నానెప్పుడూ ఆయనతో వెళ్ళలేదు. రేపు మీ పొలానికొస్తాను. కలిసి తిరుగుదాం."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇదేం మాట, ఇదేం యాస అని వెనకెవరో గొణిగారు. తిమ్మారెడ్డి మాత్రం కళ్ళు తుడుచుకుని, "రా సామీ" అన్నాడు.

అరుగు వెనక గదిలో దీపం ఇంకా పెట్టలేదు. అయ్యవారు గోడవైపు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని ఉన్నారు. పాలు తీసుకుని లోపలికెళ్ళిన వంటావిడ రెండుసార్లు పిలిచి, పలక్కపోతే వంగి చూసింది. ఆయన హాయిగా నిద్రపోతున్నారు.